కొర్రమట్ట మెచ్చే కర్ర

ఆ రోజుల్లో నాకు చెట్టును చూస్తే చెట్టు కనపడేది కాదు, లోపలున్న చెక్కే కనపడేది. చింతచెట్టు కింద నిలబడితే అందరికీ నీడ గుర్తొస్తుంది, నాకు మాత్రం దాని చేవ ఎంత లావుంటుందో, కోస్తే ఏ రంగు తేలుతుందో అన్న ఆలోచనే. ఇరవై రెండేళ్ల వయసు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. మా వర్క్‌షాపు బోర్డు మీద కొత్తగా వేసిన తెలుగు అక్షరాల కింద నుంచి పాత ఉర్దూ అక్షరాలు ఇంకా తొంగిచూస్తూ ఉండేవి. గోదావరి దగ్గరి బొగ్గుబాయి కాలనీలో, ఆ వర్క్‌షాపులోనే నేను ఖరాదు పని నేర్చుకునేవాణ్ణి. (ఖరాదు అంటే కర్రను గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి నున్నగా గుండ్రంగా తీసే మిషను. దాని ముందు రోజూ ఎనిమిది గంటలు నిలబడితే మనిషి బుర్ర కూడా కొంచెం తిరుగుతుంది. నాది కొంచెం ఎక్కువే తిరిగింది.) ఉలిపిడులూ ఆకురాయి పిడులూ తీయడం నా పని. ఉలి కింద నుంచి పొట్టు రిబ్బన్లలా లేచి మోచేతి మీద పడుతుంటే, ఆ వాసనకు నేను ఎటో వెళ్లిపోయేవాణ్ణి. నాకు పని నేర్పే ముసలి ఉస్తాద్ నా వీపు మీద తట్టి, "బేటా, నీ చెయ్యి ఈడ్నే ఉన్నది, దిల్ మాత్రం గోదారి అవతలి గడ్డకు పోయింది. జర ఎనుకకు పిలువు, ఏళ్లు తెగుతయి" అనేవాడు.

నా మనసు నిజానికి గోదావరి అవతలికి పోయేది కాదు. పెద్దపల్లి దిక్కు, మానేరు ఒడ్డున, మా మేనమామ ఉండే ఊరికి పోయేది. మామ రైలు గేటు కాడ గేట్‌మన్. రైలు వచ్చే ముందు గేటు వేయడం, పోయాక తీయడం, మధ్యలో మానేరు మడుగులో గాలం వేయడం, ఇదీ ఆయన దినచర్య. కొర్రమట్టను, అంటే కొరమీనును, పట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేరని ఊరంతా ఒప్పుకునేది. ఊరు ఒప్పుకోకపోయినా ఆయన ఒప్పుకునేవాడు. ఆయనకు ఒక్కతే బిడ్డ, నా మరదలు. చాలా తక్కువ మాట్లాడేది. ఒక్క మాట అని లోపలికి పోయేది, ఆ ఒక్క మాటను నేను రైల్లో తిరుగు ప్రయాణమంతా నెమరేసుకునేవాణ్ణి. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఆమెకు అసలే చెప్పలేదు. మా అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం) మాత్రం పిల్లనిమ్మని తమ్ముణ్ణి రెండుసార్లు అడిగింది. మామ కాదనలేదు, అవుననలేదు. "పోరడు మంచోడే అక్కా, కని ఎటో చూసుకుంట నడుస్తడు. రైలు పట్టాలు దాటేటోడు అట్ల నడువద్దు" అన్నాడట.

ఆ అనుమానాన్ని నేనే రూఢి చేశాను. ఒక ఆదివారం మామ నన్ను మడుగు కాడికి తీసుకుపోయి, నా అరచేతిలో ఒక బతికున్న కప్పను పెట్టి, "గాలానికి గుచ్చు" అన్నాడు. కొర్రమట్టకు ఎర కప్పే. నేను ఆ కప్పను చూశాను, అది నన్ను చూసింది. దాని గొంతు కింద టకటక కొట్టుకుంటోంది. నా గొంతు కింద కూడా అదే సంగతి. చెయ్యి కొంచెం వదులైంది, కప్ప ఎగిరి నీళ్లలో పడింది. మామ గాలం చుట్టేశాడు. ఇంటికి వచ్చాక, అమ్మమ్మ (అంటే మామ తల్లి) అన్నం పెడుతుంటే, మరదలు నీళ్ల చెంబు తెస్తుంటే, అప్పుడు అన్నాడు. "అవ్వా, కప్పను గుచ్చరానోడు రేపు పెండ్లాం పిల్లలను ఏం సాకుతడే?"

మరదలు ముందర ఆ మాట పడితే ఎవడు ఊరుకుంటాడు. నేనూ ఊరుకోలేదు. "కప్పెందుకు మామా, నేను కర్రతోనే కొర్రమట్టను పడ్త" అన్నాను.

"కర్రతోని పడ్తవా, కర్రతోని కొడ్తవా?" అన్నాడు మామ. అమ్మమ్మ పొర పోయేటట్టు నవ్వింది. మరదలు చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. ఆమె నవ్విందో లేదో నాకు కనపడలేదు, ఆ సంగతే ఎక్కువ పరేషాన్ చేసింది.

నా మాట వట్టి కోతలు కావు. మా బాయి మేనేజరు దొరకు చేపల పిచ్చి. ఆయన ఒకసారి తన చెక్కచేప తోక విరిగిందని బాగుచేయడానికి వర్క్‌షాపుకు పంపాడు. బొటనవేలంత కర్రముక్క, ముందు లావు, వెనక సన్నం, పొట్టకింద ఒక గాలం, పైన రంగులు. నీళ్ల మీద లాగితే బతికున్న చేపపిల్లలా వంకరటింకరగా పోతుంది, పెద్దచేప మోసపోయి మింగుతుంది. దాన్ని చేతిలో పట్టుకున్న రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను. అలాంటిది ఒకటి చేయడం ఖరాదు పనివాడికి ఎంతసేపు అనుకున్నాను. చేయడానికి అరగంట చాలు. ఏ కర్రతో చేయాలన్నదే నాకు తెలియలేదు.

మొదట టేకు పట్టాను. మనది టేకు అడవుల దేశం కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. చక్కగా వచ్చింది, నీళ్ల డ్రమ్ములో వేస్తే సగం మునిగి, లగ్గంలో మర్యాద తక్కువైన పెద్దమనిషిలా ఒక పక్కకు ఒరిగి కదలకుండా ఉండిపోయింది. తర్వాత నల్లమద్ది. అది బుడుంగున మునిగిపోయింది, బహుశా ఇప్పటికీ ఆ డ్రమ్ము అడుగునే ఉండి ఉంటుంది. అప్పుడు నాకు నిర్మల్ గుర్తొచ్చింది. అక్కడ కొయ్యబొమ్మలు చేసేది పొనికి చెక్కతో, దూదిలా తేలిక. సెలవు పెట్టి బస్సెక్కి నిర్మల్ పోయి, ఒక బొమ్మలాయన కాళ్లావేళ్లా పడి రెండు ముక్కలు తెచ్చాను. మా ఇనుప ఖరాదు మీద పెట్టి మిషను తిప్పానో లేదో, మొదటి ముక్క పేలాల్లా పగిలి నా జుట్టునిండా పడింది. రెండోదాన్ని చేత్తోనే చెక్కాను. తేలిందా అంటే తేలింది, మరీ తేలింది. గాలి ఎటు వీస్తే అటు పోయి, అరగంటకు నీళ్లు తాగి ఉబ్బింది. చేపకన్నా ముందు అదే తాగితే ఇంక ఎర ఏం లాభం.

ఉస్తాద్ ఇదంతా బీడీ తాగుతూ చూశాడు. చివరికి జాలిపడ్డాడు. "బేటా, కర్రను కండ్లతోని చూడొద్దు. వేలితోని కొట్టి ఇను. పాలకర్ర తే. తెల్లగుంటది, ఉలి చెప్పినట్టు ఇంటది. నీళ్లల్ల తేల్తది కని ఎగిరెగిరి పడది." నేను పరుగున కట్టెల అడితికి పోయి పాలకర్ర అని అడిగి తెల్లటి ముక్క ఒకటి తెచ్చాను. ఉస్తాద్ దాన్ని వాసన చూసి, కిటికీలోంచి బయటకు విసిరేశాడు. "ఇది పాలకర్ర గాదు. నిన్ను జూసి ఎవడైనా ఏదైనా అంటగడ్తడు. నువ్వే చెట్టు కాడికి పో. కొమ్మను ఆకులతోని తే. నేను ఆకు తుంపుత, పాలు కారితేనే ఖరాదు ఎక్కిస్త, లేకుంటే లేదు." ఆ 'ఆకులతోని' అన్న మాట దగ్గరే నా కొంప మునుగుతుందని ఆయనకు తెలియదు. నాకు తెలిసి ఉండాల్సింది.

ఎందుకంటే మా దిక్కు లగ్గం ఇంట్లో పందిరి వేసే రోజున పాలపొరక తెస్తారు, అంటే ఆకులున్న పాలకొమ్మ. డప్పులతో పోయి, చెట్టుకు పసుపు బొట్టు పెట్టి, మొక్కి, కొట్టి తెచ్చి పందిరికి కడతారు. అది వాకిట్లోకి వచ్చిందంటే ఇంక లగ్గం మొదలైనట్టే. ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు, నాకూ తెలుసు. చెప్పాను కదా, ఆ రోజుల్లో నాకు చెట్టు కనపడేది కాదు, చెక్కే కనపడేది. పైగా అది వైశాఖం, లగ్గాల నెల. ఆదివారం పొద్దున మామ ఊరికి పోయి, ఆయన సైకిలు తీసుకుని, ఊరి వెనక గుట్ట మీద పాలచెట్టు వెతికి, నిటారుగా ఉన్న మంచి కొమ్మను కొట్టాను. ఆకు తుంపితే తెల్లటి పాలు బొటబొటా కారాయి. ఆ కొమ్మను సైకిలుకు అడ్డంగా కట్టుకుని గుట్ట దిగుతుంటే, ఆకులు నా చెవుల పక్కన గలగలమంటుంటే, నా కంటికి ఊరూ లేదు దారీ లేదు. మడుగు మీద తెల్లటి కర్రచేప ఒకటి మెలికలు తిరుగుతూ పోతోంది, దాని వెనక నీళ్లు గుండ్రంగా విచ్చుకుంటున్నాయి, ఒడ్డున మరదలు నిలబడి ఉంది.

ఊరి నడివీధిలో బావి కాడ నలుగురు ఆడవాళ్లు నీళ్లు చేదుతున్నారు. వాళ్లలో ఒకామె నన్ను ఆపింది. "ఏం అల్లుడా, పొరక తెస్తున్నవు. ఎన్నడు మరి?"

కర్రతో కొర్రమట్టను పడతానన్న నా పందెం గురించి మామ అప్పటికే ఊరంతా చాటి ఉంటాడని, ఆమె అదే అడుగుతోందని నేననుకున్నాను. "వచ్చే ఐతారం. పొద్దుగాలనే" అన్నాను.

"ఐతారమేనా? మీ మామ ఒప్పుకున్నడా?"

"ఒప్పుకోక ఏం జేస్తడు? ఆనాడు చూసినంక ఆయనే ఒప్పుకుంటడు."

"మరి పిల్లకు తెలుసా?"

"ఆమె ముందటనే చెప్పిన గద" అని ధీమాగా తొక్కుకుంటూ పోయాను. వెనక చేద బావిలోకి జారిపోయిన చప్పుడు వినపడింది గానీ, నేను తిరిగి చూడలేదు.

నేను కొమ్మను మామ ఇంటి వాకిట్లో గోడకు ఆనించి, కాళ్లు కడుక్కునే లోపలే ఆ నలుగురూ ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చారు. ఒకామె చేతిలో పసుపుకొమ్ములు, ఒకామె చేతిలో రోకలి. అమ్మమ్మ కొమ్మను చూసింది, నన్ను చూసింది, కండ్లనీళ్లు పెట్టుకుని నా గదవ పట్టుకుంది. "నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా" అంది. నాకు అప్పటికీ వెలగలేదు. చేపల ఆట చూడటానికి ముసలిది ఇంత మురుస్తోందే అనుకున్నాను. అంతలో గేటు కాడి నుంచి మామ వచ్చాడు. ఎవరో కబురు చెప్పి ఉంటారు, పచ్చజెండా చేతిలోనే ఉంది. వాకిట్లో పాలపొరకను చూసి, జెండాను మెల్లగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "నా ఇంట్ల లగ్గమట. ఊరందరికి ఎరుకట. నాకొక్కనికే ఎరుకలేదు" అన్నాడు.

అప్పుడు వెలిగింది. వెలిగాక, నేను చెప్పగలిగింది ఒక్కటే. "లగ్గానికి గాదు మామా. చేప చేసెతందుకు."

రోకలి తెచ్చినామె రోకలిని వెనక దాచుకుంది. తలుపు చాటున మరదలు ఉందని గాజుల చప్పుడు వల్ల తెలిసింది, ఆ గాజులు ఒక్కసారి గలగలమని, తర్వాత ఆగిపోయాయి. ఆ ఆగిపోవడం నాకు ఇప్పటికీ గుర్తే. లగ్గానికే అని అబద్ధం చెప్పి ఉన్నా బాగుండేదని అనిపించింది. అమ్మమ్మ కండ్లు తుడుచుకుని, గట్టిగా అంది. "ఎందుకు తెచ్చినా తెచ్చిండు. వాకిట్లకొచ్చిన పాలపొరకను తిరగగొట్టద్దు. పిల్లకు మంచిగాదు." ఆడవాళ్లందరూ అవునవునన్నారు. మామ ఇరుకున పడ్డాడు. అవునంటే తన మాట తానే మింగినవాడవుతాడు, కాదంటే బిడ్డకు కీడు కోరినవాడవుతాడు. చాలాసేపు ఆ కొమ్మ ఆకులను చూసి, చివరికి ఊరి పంచాయితీలో తీర్పు చెప్పినట్టు చెప్పాడు. "సరే. ఈ కర్రతోనే చేప చెయ్యి. ఐతారం పొద్దుగాల మడుగు కాడికి రా. ఒక్క కొర్రమట్టను గడ్డకు తెస్తే పిల్లనిస్త. తేకపోతే మల్ల ఈ ముచ్చట ఎవలూ ఎత్తద్దు."

ఆ వారం నేను ఎలా బతికానో నాకే తెలియదు. ఉస్తాద్ ఆకు తుంపి పాలు చూసి తల ఊపాడు. పచ్చికర్ర పగులుతుందని కమ్మరి కొలిమికి దూరంగా వేలాడదీసి ఆరబెట్టాం. నాలుగు ముక్కల్లో రెండు పగిలాయి, మూడోది వంకరపోయింది, నాలుగోది నిలిచింది. దాన్ని ఖరాదుకు ఎక్కించిన సాయంత్రం నా జీవితంలో మళ్లీ రాలేదు. ఉలి ఆనిస్తే వెన్న మీద వేలు రాసినట్టు పోయింది. పొట్టు తెల్లగా, పొడుగ్గా, తెగకుండా లేచింది. మిషను తిరుగుతుండగానే ఉస్తాద్ ఎర్ర లక్క ఆనించి రంగు పట్టించాడు. పొట్ట కింద ఒక్క గాలం, పెద్దది. డ్రమ్ములో వేస్తే తేలింది, లాగితే మెలిక తిరిగింది. ఉస్తాద్ బీడీ పారేసి, "పో బేటా, దుల్హన్‌ను తీసుకరా" అన్నాడు. శనివారం సాయంత్రం మామ ఊరు చేరి, కర్రచేపను గూట్లో పెట్టి, అన్నం సయించక, వాకిట్లో మంచమేసుకుని నిద్రపోయాను.

ఆదివారం తెల్లవారుతుంటే మడుగు ఒడ్డున సగం ఊరుంది. అందరి చేతుల్లో చెంబులు, ఏదో పనిమీద ఇటు వచ్చామన్నట్టు. మామ బండ మీద కూర్చున్నాడు. మరదలు అమ్మమ్మ పక్కన నిలబడి నీళ్లవైపు చూస్తోంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, తుంగ నీడ కూడా కదలడం లేదు. వెదురుకర్ర చివర దారానికి కట్టిన నా చెక్కచేపను తుంగ అంచున వేసి, మెల్లగా లాగాను. అది ఎర్రగా, ఒయ్యారంగా, వెనక సన్నటి గీత గీస్తూ వచ్చింది. నేను వచ్చిన పని మరిచిపోయి దాన్నే చూస్తూ ఉన్నాను. గుబుక్కుమని నీళ్లు పైకి లేచాయి. వెదురు వంగింది. ఒడ్డంతా ఒక్క గొంతుతో "పడ్డది పడ్డది" అంది. అంతలో దారం వదులైంది. కర్రచేప ఒక్కటే తేలుతూ వచ్చింది.

మళ్లీ వేశాను. మళ్లీ పట్టింది, మళ్లీ వదిలింది. మూడోసారి దాన్ని నీళ్లపైదాకా లాగాను. మోచేయంత కొర్రమట్ట, నల్లటి తల, చిన్న కండ్లు, ఊరంతా చూసింది. అది నావైపు తీరిగ్గా చూసి, నోరు తెరిచి, కర్రను ఉమ్మేసి, తోక ఆడించుకుంటూ పోయింది. మామ నవ్వడం మొదలుపెట్టాడు. భుజం మీది తువ్వాల జారి నీళ్లలో పడినా చూసుకోకుండా నవ్వాడు. నవ్వి నవ్వి, తన గాలానికి కప్పను గుచ్చి వేసి, చుట్ట ముట్టించే లోపల అదే కొర్రమట్టను పట్టి ఒడ్డున పడేశాడు. (అదే అని ఆయన అనేవాడు. నేనూ ఒప్పుకున్నాను.) నేను కోపంతో నా చెక్కచేపను దారం తెంపి మడుగు నడుమకు విసిరేశాను. కండ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడం కూడా చేతకాలేదు. మామ నావైపు చూశాడు. నవ్వు ఆగింది. గిలగిల కొట్టుకుంటున్న చేపను తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టి, "పట్టుకో అల్లుడా, గట్టిగ పట్టుకో, జారుతది" అన్నాడు. తర్వాత ఊరివాళ్లవైపు తిరిగి, "ఇగ గడ్డకు తెచ్చిండు గద, చూసిండ్రు గద. పోరడు మంచోడే. కర్రే మంచిది గాదు" అన్నాడు. మరుసటి నెలలో లగ్గమైంది.

అలా నాకు మరదలూ దక్కింది, జీవితానికి సరిపడా ఒక సిద్ధాంతమూ దక్కింది. పాలకర్ర ఉలికి మెత్తనే గానీ కొర్రమట్ట పంటికి దిగదు, అందుకే ఉమ్మేస్తుంది. ఇక ఆ కర్ర ముట్టలేదు. వేప, మామిడి, బూరుగు, మునగ, ఎన్నింటితో చెక్కచేపలు చేశానో లెక్కలేదు. కొన్నింటికి చేపలు పడ్డాయి కూడా. ఖరాదు సెక్షనుకు నేనే ఉస్తాద్‌నయ్యాక, చేపల పిచ్చి ఉన్నవాళ్లందరికీ మొదటి పాఠంగా అదే చెప్పేవాణ్ణి, ఏ కర్రయినా పట్టు గానీ పాలకర్ర మాత్రం వద్దు అని. మామ నెలకోసారి ఏదో ఒక చేపను తువ్వాలలో చుట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ కొర్రమట్ట ఉమ్మేసిన కథ మొదటి నుంచి చెప్పి, తువ్వాల జారేదాకా నవ్వేవాడు. నేను ముఖం మాడ్చుకునేవాణ్ణి. చనిపోయే ముందటి నెలలో కూడా వచ్చాడు, ఆ కథ కూడా చెప్పాడు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు, నేను రిటైరయ్యాక, ఎదురింట్లోకి ఒక కొత్తాయన వచ్చాడు. ఆయనా రిటైరైనాయనే, మానేరు మీద చేపలు పట్టాలని సరదా. ఒక సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని వచ్చి, చెక్కచేపకు ఏ కర్ర మంచిదని అడిగాడు. నేను కుర్చీలో సర్దుకుని మొదలుపెట్టాను. నా భార్య (అదే, మరదలు) పక్కనే తోటకూర బాగుచేస్తోంది. పాలకర్ర దగ్గరికి వచ్చేసరికి, తల ఎత్తకుండా, "ఆ కర్రనేమనకు. దాని తప్పేం లేకుండె" అంది.

"నీకేం ఎరుక?" అన్నాను.

"గాలం మొనను బండకు రాకింది నేనేనాయె. శనివారం పొద్దుగూకినంక, నువ్వు పండుకున్నంక. గుండుగయ్యేదాక రాకిన."

ఎదురింటాయన పెన్ను ఆగింది. ఎందుకు అని అడిగాను, నా గొంతు నాకే ఆ ఇరవై రెండేళ్ల పోరడి గొంతులా వినపడింది.

"బాపు మాట తప్పేటోడు గాదు. నువ్వు గెలిస్తే నన్నిస్తుండె. కని ఊరందరి ముందట ఓడిపోయినంక మన గడప తొక్కకపోతుండె." ఒక కాడ తుంపి పక్కన పెట్టింది. "నాకు ఇద్దరు కావాల్నాయె."

"మరి నేను ఓడిపోయినంక ఆయన ఇయ్యకపోతే?"

"నేనడుగుతుంటి" అని తోటకూర ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆ పోరణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. మడుగు ఒడ్డున నిలబడి, ప్రపంచంలో ఉన్న కర్రలన్నింటినీ అనుమానించాడు గానీ, పది అడుగుల దూరంలో నిలబడి నీళ్లవైపు చూస్తున్న పిల్లను అనుమానించలేదు. ఎదురింటాయన కాసేపు నన్ను చూసి, నోటుబుక్కులో 'పాలకర్ర వద్దు' అని రాసుకున్న మాటను నిమ్మళంగా కొట్టేశాడు. నేను వద్దనలేదు.